ఆ ఇంటి కోడలికి పేరు లేదు

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ వుండాలన్నారు పెద్దలు. కయ్యం సంగతి అటుంచితే, వియ్యం విషయంలో మాత్రం మన కథలూ సినిమాలూ ఈ సామెతను మొదటినుంచీ ధిక్కరిస్తూనే వచ్చాయి. జమీందారుగారి అబ్బాయి పాలేరు కూతుర్ని ప్రేమిస్తాడు. తండ్రి కాదంటాడు. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పద్నాలుగు రీళ్ళు గడిచేసరికి తండ్రి మనసు కరుగుతుంది, దండలు పడతాయి, తెరమీద "శుభం" పడుతుంది, మనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తాం. మర్నాడు పొద్దున ఆ పిల్ల ఆ మేడలో కాఫీ ఎక్కడ కూర్చుని తాగింది, పనివాళ్ళను ఏమని పిలిచింది, వాళ్ళు ఆమె వెనకాల ఏమనుకున్నారు అన్న సంగతులు మనకెవరూ చూపించరు.

అసలు కథ ఆ మర్నాటి పొద్దుననే మొదలవుతుందని గ్రహించి తీసిన చిత్రం ఒకటి వుంది. దాని పేరు "రెబెకా". 1940లో హాలీవుడ్‌లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో తయారయింది. ఇంగ్లండునుంచి అమెరికా వెళ్ళాక ఆయన తీసిన మొదటి చిత్రం అదే. నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్. అంతకు ముందు సంవత్సరమే "గాన్ విత్ ది విండ్" తీసి లోకాన్నంతా తనవైపు తిప్పుకున్నవాడు. "రెబెకా" పదకొండు విభాగాల్లో ఆస్కార్ పోటీకి నిలిచి, ఉత్తమ చిత్రంగానూ, నలుపు తెలుపు ఛాయాగ్రహణానికీ రెండు బహుమతులు తెచ్చుకుంది. చిత్రమేమిటంటే, హిచ్‌కాక్ తీసిన అన్ని సినిమాల్లోనూ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది దీనికొక్కదానికే. ఉత్తమ దర్శకుడి బహుమతికి ఆయన ఐదుసార్లు పోటీలో నిలిచాడు; ఒక్కసారీ రాలేదు.

ఇది భయపెట్టే సినిమా. కాని ఇందులో దయ్యం లేదు. తలుపు కిర్రుమనడాలూ, తెల్లచీర తిరగడాలూ లేవు. రెండు గంటల పది నిమిషాల సినిమాలో మొదటి గంటన్నరా మనం చూసేదల్లా, ఒక బీదింటి పిల్ల గొప్పింటికి కాపరానికి వచ్చి తత్తరపడడమే. అయినా ఆ గంటన్నరా మనకు ఊపిరాడదు. ఎందుకు ఆడదో చెప్పాలనే ఈ వ్యాసం. కథ చివరిదాకా చెప్పకుండా ఆ సంగతి చెప్పడం నాకు సాధ్యం కాదు. ఎనభై ఏళ్ళు దాటిన సినిమా కనక పాఠకులు క్షమిస్తారనుకుంటాను.

జీతానికి తోడుండే పిల్ల

సముద్రతీరాన మాంటీ కార్లోలో ఒక ఖరీదైన హోటలు. అక్కడ శ్రీమతి వాన్ హోపర్ అనే ధనవంతురాలికి జీతానికి తోడుగా వుంటున్నది ఒక అనాథ యువతి. ఉత్తరాలు రాసిపెట్టడం, పెద్దావిడ కసిరినప్పుడు పడివుండడం ఆమె ఉద్యోగం. అక్కడికి మాక్సిమ్ డి వింటర్ అనే పెద్దమనిషి వస్తాడు. భార్య పోయి ఏడాదయింది. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన ఆయనకు మాండర్లే అనే దివాణం వుంది. (మనవాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళిన బర్మా మాండలే కాదు సుమా, ఇది వేరు.) పెద్దావిడ జలుబుతో మంచమెక్కిన నాలుగు రోజులూ ఆయన ఈ పిల్లను కార్లో తిప్పుతాడు. పెద్దావిడ హఠాత్తుగా అమెరికా ప్రయాణం పెట్టుకుంటుంది. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆయనతో వెళ్ళిపోతున్నానని చెబుతుంది. తనతో మాండర్లే వచ్చెయ్యమంటాడాయన.

అప్పుడు ఆ పిల్ల అడిగే ప్రశ్న చూడండి. "మీకు సెక్రటరీ కావాలా?" అని అడుగుతుంది.

ఈ ఒక్క మాటలో కథంతా వున్నది. తనను ఎవరైనా రమ్మంటే అది పనికే అయివుంటుందని ఆమె నమ్మకం. ఆయన పక్కగదిలోంచి, తెరమీద కనబడనైనా కనబడకుండా, పెళ్ళి చేసుకోమంటున్నాను పిచ్చిపిల్లా అని విసుక్కుంటాడు. పెళ్ళిమాట కూడా యజమాని నౌకరుతో చెప్పినట్టే చెబుతాడు. మనం నవ్వుకుంటాం. ఆ పిల్ల సంతోషిస్తుంది. ఈ వివాహంలో మున్ముందు జరగబోయే చెడుగంతా ఆ నవ్వు వెనకాలే నక్కివుందని మనకు చాలాసేపటిదాకా తెలియదు.

వాన్ హోపర్ గారు పోతూ పోతూ ఒక మాట అంటుంది: గొప్పింటి ఇల్లాలుగా మెలగడమంటే ఏమిటో నీకు కాస్తయినా తెలియదు, నీకు ఆ అనుభవం లేదు అని. దుర్మార్గురాలు అన్నదని మనం ఆ మాట పట్టించుకోం. కాని సినిమాలో నిజం మాట్లాడే మొదటి మనిషి ఆవిడే.

చేతి తొడుగులు కిందపడ్డ క్షణం

మాండర్లే చేరేసరికి వాన. జుట్టు తడిసి ముద్దయి ముఖానికి అంటుకుంది. లోపల అడుగుపెడితే, ఇంట్లోని పనివాళ్ళందరూ బారులు తీరి నిలబడివున్నారు కొత్త దొరసానిని చూడడానికి. ఆ వరస ముందుకు నల్లటి దుస్తుల్లో ఒకావిడ వచ్చి నిలబడుతుంది. ఇంటి పెత్తనమంతా చూసే శ్రీమతి డాన్వర్స్. ఆవిణ్ణి చూసి బెదిరి పిల్ల చేతి తొడుగులు కింద పడేస్తుంది. ఇద్దరూ వాటికోసం వంగుతారు.

యజమానురాలు వంగకూడదు. ఈ సంగతి ఆ హాల్లో వున్న ప్రతివాడికీ తెలుసు, ఆమెకు తప్ప. ఎవరూ నవ్వరు, ఎవరూ ఏమీ అనరు. కాని ఆ క్షణంలో ఆమె పరీక్ష తప్పింది.

తరువాతి సన్నివేశాలన్నీ ఈ మాదిరివే. పొద్దున కూర్చోవలసిన గది ఏదో తెలియదు. బల్లమీద వున్న చిరునామాల పుస్తకం మీద, గుడ్డల మీద, దిండు గలీబు మీద, ఎక్కడ చూసినా "ఆర్" అనే అక్షరం అల్లివుంటుంది. ఫోను మోగుతుంది. శ్రీమతి డి వింటర్ వున్నారా అని అవతలి గొంతు. ఆవిడ పోయి ఏడాదయిందండీ అని చెప్పి పెట్టేస్తుంది. పెట్టేశాక గుర్తొస్తుంది, ఇప్పుడు ఆ పేరు తనదేనని. ఒక పింగాణీ బొమ్మ చెయ్యి తగిలి పగిలితే, ముక్కలు సొరుగులో దాచేస్తుంది. ఆ నేరం ఒక నౌకరు నెత్తిన పడుతుంది. భర్త ముందు నిజం ఒప్పుకోక తప్పదు. ఇంటి యజమానురాలివి అయివుండి పనిమనిషిలా ప్రవర్తిస్తావేం అన్నట్టు విసుక్కుంటాడు మాక్సిమ్.

చూశారా, ఇందులో ఎక్కడా హింస లేదు. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, అన్నం పెట్టకుండా మాడ్చలేదు. అందరూ అమ్మగారూ అమ్మగారూ అనే అంటారు. కాని "ఇక్కడ అలవాటు ఇదండీ" అనే ఒక్క మాటతో రోజుకు పదిసార్లు ఆమె ప్రాణం తీస్తారు. డబ్బుకు సంబంధించిన తేడా పెళ్ళితో పోతుంది. చీరలూ నగలూ కొనిస్తే సరి. అలవాటుకు సంబంధించిన తేడా పోదు. దానిని ఎవరూ నేర్పరు. నేర్పవలసి వచ్చిందంటేనే నువ్వు పరాయిదానివని అర్థం. ఈ భయాన్ని హిచ్‌కాక్ పట్టుకున్నాడు. ఆయన లండన్ శివార్లలోని లేటన్‌స్టన్‌లో ఒక కూరగాయల వర్తకుడి కొడుకు. ఇటువంటి సంగతులు ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం వుండి వుండదు.

డాన్వర్స్ నడవడం మనకు సినిమాలో దాదాపు కనిపించదు. పిల్ల తల తిప్పేసరికి ఆవిడ అక్కడ నిలబడి వుంటుంది. కావాలనే అట్లా తీశానని హిచ్‌కాక్ తరువాత ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో చెప్పాడు. నడిచి వస్తున్నట్టు చూపిస్తే ఆవిడ మామూలు మనిషైపోతుందన్నాడు. జూడిత్ ఆండర్సన్ ఆ పాత్రను రెప్ప వాల్చకుండా, గొంతు పెంచకుండా నటించింది. ఈ డాన్వర్స్ కూడా జీతానికి పనిచేసే మనిషే గదా! పుట్టుకలో కొత్త దొరసానికీ ఆవిడకూ అంత తేడా ఏమీ లేదు. మొదటి భార్య రెబెకా పెళ్ళికూతురై వచ్చినప్పుడు ఆ ఇంట్లో అడుగుపెట్టిన మనిషి. మన పాత దివాణాల్లో అరణపు దాసీ అనేవారే, ఆ వరసన్నమాట. తన వంటిదే ఒక పిల్ల తాను నిలబడిన వరసలోంచి లేచి వెళ్ళి పై కుర్చీలో కూర్చుంటే, పైవాళ్ళకంటె ముందు ఓర్వలేనిది ఆవిడే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇటువంటివాళ్ళను చూసే పుట్టింది. అంతస్తుల గోడలకు కాపలా కాసేది చాలాసార్లు గోడ లోపలి దొరలు కారు. గుమ్మంలో నిలబడ్డ నౌకర్లు.

పేరు లేని నాయిక

ఈ సినిమాను కిందటి వర్షాకాలంలో మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. సంభాషణలు నేను తెలుగులో చెబుతూ వుంటే ఆవిడ శ్రద్ధగా చూస్తున్నది. ముప్పావుగంట అయ్యాక ఉన్నట్టుండి అడిగింది:

"ఏమే అమ్మాయ్, ఆ పిల్ల పేరేమిటి?"

"పేరు లేదత్తయ్యా," అన్నాను.

"పేరు లేకపోవడమేమిటి?"

నిజంగానే లేదు. ఈ చిత్రానికి మూలమైన నవల డాఫ్నీ డు మారియర్ 1938లో ప్రచురించింది. కథ చెప్పేది ఆ పిల్లే. అయినా నాలుగు వందల చిల్లర పుటల్లో ఎక్కడా ఆమె పేరు రాదు. సినిమాలోనూ రాదు. జోన్ ఫాంటేన్ అనే నటి ధరించిన ఆ పాత్రకు నామకరణమే జరగలేదు. పెళ్ళికి ముందు ఆమె ఒక జీతగత్తె. పెళ్ళయ్యాక రెండో శ్రీమతి డి వింటర్. పుస్తకానికి పెట్టిన పేరు మాత్రం చచ్చిపోయిన మొదటి భార్యది.

మా అత్తగారు కొంచెంసేపు వూరుకుని, "ఇందులో వింతేముంది? నేను కాపరానికి వచ్చిన పదేళ్ళదాకా నా పేరు నా చెవిన పడలేదు. రెండో కోడలా అనేవాళ్ళు మా అత్తగారు. ఇరుగూ పొరుగూ ఫలానావారి కోడలనేవాళ్ళు. మా పుట్టింటివాళ్ళు వచ్చి పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకునేదాన్ని," అన్నది.

ఆ రాత్రి ఆవిడ చెప్పిన ఇంకొక సంగతి నా మనసులో నిలిచిపోయింది. ఆవిడ పెద్దమ్మ ఒకావిడ రెండో సంబంధానికి వెళ్ళిందట. మొదటి భార్య పురిట్లో పోయింది. పెళ్ళిపీటల మీద కొత్త పెళ్ళికూతురికి మంగళసూత్రాలతోబాటు పోయినావిడ పేర ఒక చిన్న బంగారు బిళ్ళ కూడా మెడలో వేశారట. ఏటా ఆవిడ పేర ఒక ముత్తయిదువను పిలిచి, తలంటు పోసి, భోజనం పెట్టి, చీర పెట్టేవాళ్ళట. మన పల్లెల్లో కొన్ని ఇళ్ళల్లో ఈ ఆచారం వుండేది. చదువుకున్నవాళ్ళం దీనిని మూఢనమ్మకమని కొట్టిపారేస్తాం. ఆ బిళ్ళ మోసినావిడకు అది ఏమంత సుఖంగా వుండివుండదని నేనూ అనుకుంటాను.

కాని ఒక్క మాట ఆలోచించండి. ఆ ఇంట్లో పోయినావిడకు ఒక పేరు వుంది, ఒక వాటా వుంది, ఏడాదికొక చీర వుంది. ఆవిడ వుండేదని అందరూ ఒప్పుకున్నారు. కొత్తగా వచ్చినావిడకు ఏం జరిగిందో తెలుసు. మాండర్లేలో ఏ ఒక్కరూ రెబెకా సంగతి కొత్త భార్యకు చెప్పరు. మాక్సిమ్ ఆ పేరెత్తితే మండిపడతాడు. ఆవిడ గది పడమటి వైపున తాళం వేసి, లోపల మాత్రం దువ్వెనతో సహా ఎక్కడి వస్తువు అక్కడే రోజూ తుడిచి పెట్టివుంచుతారు. పేరెత్తని మనిషికి చావు ఎట్లా వస్తుంది? వాటా ఇవ్వని కారణం చేత రెబెకా ఇల్లంతా ఆక్రమించుకున్నది.

హిచ్‌కాక్ రెబెకాను ఒక్కసారి కూడా తెరమీద చూపించడు. ఫోటో కూడా లేదు. ఆవిడ చచ్చిపోయిన రాత్రి సంగతి మాక్సిమ్ చెబుతూ వుంటే, కెమేరా ఖాళీ సోఫా మీదనుంచి లేచి, ఖాళీ గదిలో, ఆవిడ నడిచినంత మేరా నడుస్తుంది. ఎవరూ లేరు, మనకు మాత్రం ఆవిడ కనిపిస్తుంది. దయ్యాన్ని చూపించకుండా దయ్యం కథ చెప్పడమంటే ఇదీ.

1964లో ఈ కథను హిందీలో "కోహ్రా" అనే పేరుతో తీశారు. సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ నిర్మాత, బీరెన్ నాగ్ దర్శకుడు. నాయిక వహీదా రెహమాన్. 1955లో "రోజులు మారాయి"లో చేసిన నాట్యంతో మన తెలుగు ప్రేక్షకుల ఇళ్ళల్లో ఆనాడే మనిషైపోయిన అమ్మాయి. డాన్వర్స్ వంటి పాత్రకు లలితా పవార్. పాటలు బాగుంటాయి, వహీదా ముఖంలో భయం బాగుంటుంది. అయితే ఆ నాయికకు వాళ్ళు రాజేశ్వరి అని పేరు పెట్టారు. పేరు పెట్టేసరికి కథలో సగం బలం జారిపోయింది. రాజేశ్వరి ఎవరో మనకు తెలుసు. మాండర్లే పిల్ల ఎవరో ఆ పిల్లకే తెలియదు.

ఆమె ఇల్లాలు అయినదెప్పుడు?

నేను తరగతిలో కథాశిల్పం చెప్పేటప్పుడు ఈ సినిమా కథ చెప్పి పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను: ఈమె నిజంగా ఆ ఇంటి ఇల్లాలు అయిన క్షణం ఏది?

పెళ్ళినాడు అని కొందరంటారు. అది కాదని చేతి తొడుగుల సన్నివేశం చెబుతున్నది. డాన్వర్స్‌ను పిలిచి, బల్లమీది ఈ వస్తువులన్నీ తీసెయ్యి, ఇప్పుడు శ్రీమతి డి వింటర్‌ను నేను, అని చెప్పినప్పుడు అని మరికొందరంటారు. అదీ కాదు. ఆ ధైర్యం ఒక్క పూట నిలిచింది. వేషాల విందు చేద్దామని సరదాపడితే, గోడమీద వున్న పూర్వీకురాలి చిత్రంలోని దుస్తులు కుట్టించుకోమని డాన్వర్స్ సలహా చెబుతుంది. పిల్ల నమ్ముతుంది. మెట్లమీదినుంచి మెరిసే ముఖంతో దిగివస్తే, మాక్సిమ్ నెత్తురు లేని ముఖంతో వెళ్ళి మార్చుకోమని అరుస్తాడు. కిందటిసారి విందుకు రెబెకా వేసుకున్న వేషం అదే. ఏడుస్తూ గదికి పోయిన పిల్లను డాన్వర్స్ కిటికీ దగ్గరకు తీసుకుపోయి, నువ్వు ఆమెకు సాటి రావు, దూకెయ్యరాదా, ఎంతసేపు, అని మెల్లగా, లాలించినట్టుగా చెవిలో చెబుతుంది. ఆ గొంతు వినవలసిందే. నిజంగా దూకుతుందేమోననుకుంటాం.

సరిగ్గా అప్పుడే సముద్రంలో ఓడ ఒకటి రాళ్ళకు తగులుకున్నదని తారాజువ్వలు లేస్తాయి. దాన్ని వెతకబోయిన గజ ఈతగాడికి రెబెకా పడవ దొరుకుతుంది. అందులో ఒక శవం. మాక్సిమ్ అంతకు ముందే ఇంకెవరి శవాన్నో తన భార్యదని ఆనవాలు చెప్పి పాతిపెట్టించాడు. ఇక దాచడానికి లేదు. సముద్రపొడ్డున ఆ గుడిసెలో రెండో భార్యకు నిజం చెబుతాడు: రెబెకాను నేను ప్రేమించలేదు, ద్వేషించాను అని.

మన సామెత ఇక్కడ తలకిందులవుతుంది. రెబెకా అన్నివిధాలా సమవుజ్జీ. అందం, చదువు, మాట చమత్కారం, దివాణాన్ని నడిపే నేర్పు అన్నీ వున్నాయి. పెళ్ళయిన నాలుగు రోజులకే ఆవిడ తన నడవడి ఎటువంటిదో మొగుడికి నవ్వుతూ చెప్పి బేరం పెట్టింది: నీ ఇంటిని దేశం చెప్పుకునేట్టు నడిపిస్తాను, నా దారికి అడ్డు రాకు అని. వంశగౌరవం కోసం ఆయన ఒప్పుకున్నాడు. ఊరంతా మెచ్చిన సమానమైన సంబంధం లోపల అట్లా కుళ్ళింది. ఆ కుళ్ళునుంచి పారిపోతూ మాక్సిమ్ ఈ బీదపిల్లను పట్టుకున్నాడు. ఎందుకు? ఈమెకు ఏమీ తెలియదు కనక. ఏదీ అడగదు కనక. నల్ల పట్టుబట్టలూ ముత్యాలూ ఎన్నడూ ధరించనని, ముప్పైయారేళ్ళు ఎన్నడూ రానివ్వనని మాట ఇవ్వమని పెళ్ళికి ముందే సరసమాడాడు. అది సరసం కాదని ఇప్పుడు అర్థమవుతుంది. ఆయనకు కావలసింది భార్య కాదు, ఎదగని అమాయకత్వం.

తప్పు డాన్వర్స్ ఒక్కదానిదే అనుకుంటే పొరపాటు. ఒక్క సాయంత్రం కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెబితే, ఆ పిల్ల అన్ని నెలలు నరకం అనుభవించేది కాదు. చనిపోయిన భార్యను మరవలేక తనను చూసి ఉసూరుమంటున్నాడని ఆమె అనుకుంటున్నది. ఆయన తన నేరానికి భయపడుతున్నాడు. డాన్వర్స్ మాటల కత్తి తిప్పింది. ఆ కత్తికి సానపట్టింది మాత్రం మొగుడి మౌనమే.

నవలలో మాక్సిమ్ రెబెకాను తుపాకితో కాల్చి చంపుతాడు. చంపినవాడు శిక్ష పడకుండా తప్పించుకున్నట్టు చూపకూడదని ఆనాటి హాలీవుడ్ నియమావళి. అందుచేత సినిమాలో ఆవిడ జారిపడి తలకు దెబ్బ తగిలి చనిపోయినట్టు మార్చారు. శవాన్ని పడవలో పెట్టి ముంచిన తప్పు మాత్రం మిగిలింది. కొంత పదును పోయిన మాట నిజం. అయినా అసలు సంగతి పోలేదు. నిజం విన్న ఆ క్షణంనుంచే ఈ పిల్ల మారిపోతుంది. వణుకు పోతుంది. జుట్టు ముడి, నడక, చూపు అన్నీ మారతాయి. భర్తకు ఏం మాట్లాడాలో, ఎక్కడ కోపం అణుచుకోవాలో ఆమే చెబుతుంది. ఇల్లాలు అయిన క్షణం అదీ: తాళి కట్టినప్పుడు కాదు, ఇంటి రహస్యంలో భాగం ఇచ్చినప్పుడు. మాక్సిమ్ ఆమె ముఖం వంక చూసి, నేను ప్రేమించిన ఆ బేల చూపు ఒక్కరోజులో మాయమయిపోయింది, ఇక తిరిగిరాదు, అని బాధపడతాడు. తాను ప్రేమించింది ఏమిటో పాపం అప్పుడు గాని నోట రాలేదు.

తరువాత విచారణ. జిల్లా పెద్దలంతా మాక్సిమ్ పరిచయస్థులే. రెబెకాతో చనువుగా వుండిన ఫావెల్ అనేవాడు నిజానికి చాలా దగ్గరగా వచ్చి బెదిరిస్తాడు. వాడు మోటారుకార్లు అమ్మిపెట్టే ఉద్యోగి. తనది కాని ఖరీదైన కారు నడపడంలో వుండే బాధ మీకేం తెలుసునని మాక్సిమ్‌తో వెటకారంగా అంటాడు. జార్జ్ సాండర్స్ ఆ మాట అన్న తీరుకు వాడు దుష్టుడని తెలిసినా మనకు జాలి కలుగుతుంది. ఆ ఇంటి గుమ్మం బయట నిలబడ్డవాడు ఇంకొకడు! చివరకు లండన్ డాక్టరు రెబెకాకు కాన్సరని, ఎట్లాగూ బతికేది కాదని చెబుతాడు. ఆత్మహత్య అని తేలుతుంది. మాక్సిమ్ బయటపడతాడు. డాన్వర్స్ మాండర్లేకు నిప్పు పెట్టి తానూ అందులోనే కాలిపోతుంది. ఆఖరున మనం చూసేది, "ఆర్" అక్షరం కుట్టిన దిండు మంటల్లో కాలిపోవడం.

2020లో ఈ కథను బెన్ వీట్లీ అనే దర్శకుడు రంగుల్లో మళ్ళీ తీశాడు. చూడడానికి ముచ్చటగా వుంటుంది. కాని నలుపు తెలుపుల్లోని ఆ పెద్ద గదులు, వాటి మధ్య చీమంత కనిపించే జోన్ ఫాంటేన్, ఆమె ఎప్పుడూ భుజాలు ముడుచుకుని కుర్చీ అంచున కూర్చునే తీరూ దీనిలో లేవు. పాత చిత్రాన్నే చూడమంటాను. తొందరలేకుండా, ఇంట్లో పెద్దవాళ్ళనూ, పెళ్ళీడు పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడమంటాను.

ఎందుకంటే మాండర్లేలు మన దేశంలోనూ వున్నాయి. ఇప్పుడు వాటికి బురుజులుండవు. మూడు పడగ్గదుల ఫ్లాటు చాలు. కులం కలిసినా కలవకపోయినా, జీతాలు సరితూగినా తూగకపోయినా, కొత్తగా వచ్చిన పిల్ల ప్రతి ఇంట్లోనూ కొంతకాలం పేరులేనిదే. "మా ఇంట్లో ఇట్లా చెయ్యం" అన్న మాట ఆమె ఎన్నిసార్లు వింటున్నదో ఆ ఇంట్లోవాళ్ళు లెక్కపెట్టుకోరు. ఆమెకు నగలు పెట్టవచ్చు, బీరువా తాళాలు ఇవ్వవచ్చు. వాటికంటె ముందు ఇవ్వవలసినది ఒకటుంది: ఆ ఇంట్లో ఏమేం జరిగిందో, ఏ పేరు ఎత్తితే ఎవరికి ఎందుకు కోపం వస్తుందో చెప్పడం. అది అత్తగారు చెప్పినా మంచిదే. మొగుడు చెబితే మరీ మంచిది.

ఇల్లూ, ఆలూ కలిసి మన తెలుగులో ఇల్లాలు అనే మాట ఏర్పడింది. మాండర్లేకు కావలసింది ఇంటికి తగిన ఆలు. అందుకే ఆ ఇల్లు ఈ పిల్లను ఒప్పుకోలేదు. ఆమె ఇల్లాలు కాగలిగేసరికి అక్కడ ఇల్లే లేదు, బూడిద మిగిలింది. ఆ మంట వెలుగులో ఆమె మొగుణ్ణి గట్టిగా పట్టుకుని నిలబడి వుంటుంది. ఆ క్షణంలో ఆమె ఎవరికీ రెండోది కాదు. అయినా మనకు ఆమె పేరు తెలియదు.